డ్రాగన్‌కు పెళ్లి భోజనం

మలేషియాలోని సుంగై పెటానిలో కాళిముత్తు నడిపే కార్డుల కొట్టుకు వచ్చేవాళ్లలో యోగేశ్వరి అంత ఓపికగా ఓడిపోయేవాళ్లు లేరు. వారమంతా ఫ్యాక్టరీలో షిఫ్టు, ఆదివారం మధ్యాహ్నం ఓటమి. ఇపోలో జరిగే పెద్ద పోటీకి ఏటా ఆ కొట్టు తరఫున నలుగురు వెళ్తారు. నాలుగో చోటు కోసం రెండేళ్లుగా ఆమె ఎగబడటం, శ్రీకుమార్ డ్రాగన్ ఆమెను కాల్చి బూడిద చేయడం, ఇదే వరస. ఈసారీ ముగ్గురి పేర్లు ఖాయమయ్యాయి. మిగిలిన చోటుకు మళ్లీ వాళ్లిద్దరే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎవరి కట్ట వారిది, నలభై కార్డులు. వంతు వచ్చినప్పుడల్లా ముందుగా కట్ట పైనుంచి ఒకటి తీయాలి, ఆ తర్వాతే ఏదైనా. భూతాలూ డ్రాగన్లూ అవతలివాడి ప్రాణాలు తింటాయి. ఇరవై ప్రాణాలూ పోతే ఆట ముగిసినట్టే. వీటితోపాటు మంత్రాలూ ఉంటాయి గానీ, వాటిది కూరలో కరివేపాకు బతుకు. యోగేశ్వరి అదృష్టం ఎలాంటిదో, ఏ కార్డుల పొట్లం కొని విప్పినా కరివేపాకే. డ్రాగన్ అనేది ఒక్కటీ ఆమె గడప తొక్కలేదు. పైగా ఈసారి కాళిముత్తు ఒక మెలిక పెట్టాడు: కట్టలోని కార్డులన్నీ కలిసి ఒకే కథ చెప్పాలి.

శనివారం సాయంత్రం ఆమె హాలంతా కార్డులు పరుచుకుని కూర్చుంది. తాత అచ్చయ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన నోట్లో పడిన పిల్లి పులి కాకుండా బయటికి రాదని చుట్టాలందరికీ తెలుసు.

“ఏటిది, ఇల్లంతా పేకముక్కలు పరిసినావు?”

“పేక కాదు తాతా, మంత్రాలు. వాన ఉంది, పొగమంచు ఉంది, గాలి ఉంది. కథే లేదు లా.” ఆ దేశంలో ఏ మాటకైనా తోక ‘లా’.

“నన్ను ఇంట్లో ఎట్టుకుని కథ నేదంటావేటే!”

ఆయన వంగి, ఆమె అవతల పారేసిన కుప్పలోంచి ఒక కార్డు తీశాడు. దాని మీద లావుపాటి మంత్రగత్తె గరిటెతో నిలబడి ఉంది.

“ఈ గరిటమ్మెవులు?”

“అది పనికిరాదు తాతా. అవతలివాడికి మూడు కార్డులు ఊరికే ఇచ్చేస్తుంది. శత్రువుకు ఎవరైనా వడ్డిస్తారా?”

“మా మామ్మ నూకమ్మ వడ్డించినాది. పులికి.”

యోగేశ్వరి తల పట్టుకుంది. తాత సోఫాలో సర్దుకున్నాడు.

“మా మేనత్త పెళ్లినాడు రబ్బరు ఎస్టేట్ కూలోళ్ల లైనిళ్లలోకి పులొచ్చినాది. మగోళ్లందరూ రబ్బరు సెట్లెక్కేసినారు. మామ్మ మాత్రం దానికి కాళ్లకి నీళ్లిచ్చి, ఆకేసి కూకోబెట్టినాది. పదారు గారెలు తిన్నాది పులి. పదేడోదానికి ఆకు మీద పంజా అడ్డెట్టినాది. మామ్మ ఊరుకుంటాదేటి? పంజా పక్కకి తోసి మరో రెండేసినాది. పులి అక్కడే గుర్రెట్టి తొంగున్నాది. తెల్లారి తాంబూలమిచ్చి సాగనంపినారు. మరి ఆ సాయలకి రానేదు.”

“భయపడిందా?”

“బయం కాదే. మళ్లీ వస్తే ఇంకో గారె ఏసేస్తాదని.”

నవ్వుతున్న యోగేశ్వరి చటుక్కున ఆగింది. ఆటలో ఇంకో నియమం ఉంది. వంతు వచ్చినప్పుడు తీయడానికి కట్టలో కార్డు లేకపోతే ఓడినట్టే. అంతదాకా ఆట సాగితే కదా! ఆలోపే డ్రాగన్ ఎవరినో ఒకరిని మింగేస్తుంది. మరి డ్రాగన్‌ను ఆకు ముందు కూర్చోబెట్టి, వద్దన్నా వడ్డిస్తూనే ఉంటే?

పాత డబ్బాలన్నీ బోర్లించింది. కాళ్లకు నీళ్లివ్వడానికి వాన మంత్రాలు. వడ్డించడానికి గరిటమ్మలు. తిన్నాక ఒక వంతు కునుకు తీయించడానికి పొగమంచు. సాగనంపడానికి గాలి. భూతం అన్నది ఒక్కటీ లేని కట్ట తయారైంది.

మర్నాడు కాళిముత్తు ఆ కట్ట తిప్పి చూసి, “కథ పేరు?” అన్నాడు.

“పెళ్లి భోజనం.”

ఆయన నవ్వి రాసుకుని, ఆమె వెంట వచ్చిన అచ్చయ్య వైపు వేలు చూపించాడు. “తాతా, పేసక్కూడాదు! పక్కనుంచి ఒక్క మాట అందించినా మీ అమ్మాయి ఓడినట్టే.”

మాట్లాడకుండా కూర్చోమంటే అచ్చయ్యకు ఊపిరి ఆపమన్నట్టే. అందుకని అరటికాయ బజ్జీ ఒకటి నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు.

మొదటి గరిటమ్మ దిగగానే శ్రీకుమార్ పళ్లన్నీ బయటపెట్టాడు. “మూడు కార్డులు ఊరికేనా? థాంక్యూ లా, అక్కా!”

రెండోసారీ థాంక్యూ అన్నాడు. మూడోసారి తల ఊపాడు. నాలుగోసారి తన కట్ట వైపు చూసుకుని, “చాలు అక్కా,” అన్నాడు. చాలంటే ఆగే చెయ్యేనా అది? డ్రాగన్‌కు ఒకసారి వాన, ఒకసారి పొగమంచు, ఒకసారి గాలి. అయినా సందు దొరికినప్పుడల్లా అది కరుస్తూనే ఉంది. ఆమెకు మూడు ప్రాణాలు మిగిలాయి. అది ఇంకొక్కసారి కరిస్తే ఇపో లేదు.

శ్రీకుమార్ కట్టలో నాలుగు కార్డులున్నాయి. ఆమె చేతిలో పొగమంచు ఒకటి, గరిటమ్మ ఒకటి. వంతుకు ఒక్క మంత్రానికే శక్తి చాలుతుంది.

అచ్చయ్య బజ్జీ వెనకనుంచి కళ్లతోనే అరుస్తున్నాడు: వడ్డించు, వడ్డించు! ఆయన మెడ నరాలు ఉబ్బాయి. యోగేశ్వరి అటు చూడలేదు. ఇప్పుడు వడ్డిస్తే మూడు పోతాయి, ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటీ తీసుకుని డ్రాగన్ కరుస్తుంది. తిన్నవాడిని ముందు పడుకోబెట్టాలి.

పొగమంచు వేసింది. అచ్చయ్య నెత్తి కొట్టుకున్నాడు.

డ్రాగన్ గుర్రుపెట్టింది. శ్రీకుమార్ ఒక కార్డు తీసి, చేసేదేమీ లేక వంతు వదిలాడు. కట్టలో మూడు. అప్పుడు గరిటమ్మ దిగింది. మూడూ అతని చేతిలోకి పోయాయి.

మళ్లీ అతని వంతు. డ్రాగన్ లేచింది. చేతినిండా కార్డులు, విసనకర్రలా పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి కట్ట ఉండాల్సిన చోటికి వెళ్లి, ఉత్త బల్లను తడిమింది.

“అయ్యో,” అన్నాడు శ్రీకుమార్.

కాళిముత్తు నాలుగో గడిలో యోగేశ్వరి పేరు రాశాడు. ఆమె గరిటమ్మలన్నింటినీ ఏరి కట్ట పైన పెట్టుకుంది. శ్రీకుమార్ ఆమెతో చేయి కలిపి నిట్టూర్చాడు. “వచ్చే ఆదివారం నేను ఉపవాసంతో వస్తాను లా, అక్కా. ఒక్క కార్డు కూడా ముట్టను.”

అచ్చయ్య బజ్జీ మింగాడు.

“రా నాయనా, రా! మా ఇంట్లో ఉపాసం ఉన్నోళ్లకే రెండింతలు ఎడతాం!”