మా చెల్లెలి అలసట

మేరీ డ్యూటీ బట్టలకి గంజి నేనే పెట్టేదాన్ని. అన్నం వార్చిన గంజి పలచగా వడకట్టి, చుక్క నీలిమందు కలిపి, ముంచి బాల్కనీలో ఆరేస్తే మస్కట్‌లో మా రూవి పేట ఎండకి కాసేపట్లోనే అట్టల్లా బిగిసేవి. ఒకరోజు ఇస్త్రీ చేశాక, ఆ తెల్ల గౌను చేతిలోకి నా చెయ్యి దూర్చి చూశాను. మోచేతి దగ్గర ఆగిపోయింది. కుట్లు పిగిలిపోతాయని భయపడి మెల్లగా లాక్కున్నాను. ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టాం. అమ్మ పోయాక నేను కూలికెళ్తే అది బడికెళ్లింది, ఆ తర్వాత నర్సు చదివింది. ఆ గౌను నా రెక్కల కష్టంతో కుట్టించినట్టే. అయినా అది నా కళ్లబడకుండా తలుపు వెనకాల తగిలించేదాన్ని.

మా ఆయన పోయిన ఏడాదికి, డెబ్భై ఏడులో, మేరీ ఊరొచ్చింది. "ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావక్కా, నాతో మస్కట్ వచ్చెయ్" అంది. ఊళ్లో అందరూ చెల్లెలంటే నీ చెల్లెలే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నేనొచ్చిన వారానికే ఇంట్లో పనిచేసే గోవా ఆవిడని మాన్పించేశారు. "సొంతమనిషి ఉండగా పరాయి మనిషెందుకు, వదినా" అన్నాడు మేరీ మొగుడు, మా మరిది మనోహరం. మేరీకి టిఫిను, అతనికి క్యారేజీ, ఇద్దరాడపిల్లలకి స్నానాలు, బట్టలు, వంట, గిన్నెలు. ఈ పనికి పేరు లేదు. మేరీ చేసేది డ్యూటీ. నా సంగతి ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అనేవాళ్లు.

ఊళ్లో నాట్లకీ కోతలకీ తిరిగేటప్పుడు నా ఒంటి మీద కండ ఉండేది కాదు. ఇక్కడ మూడో అంతస్తు. శుక్రవారం సెలవునాడు జరిగే ప్రార్థనకి తప్ప మెట్లు దిగే పని లేదు. "ఎండ, పైగా భాష రాదు, ఎక్కడికెళ్తావొదినా" అనేవాడు మనోహరం. ఏసీ కోసం కిటికీలన్నీ మూసేవాళ్లు. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక ఆ మిషను రొద తప్ప ఇంకో చప్పుడుండదు. అప్పుడు ఇల్లంతా నా మీద పడేది. ఫ్రిజ్ తలుపు తీసేదాన్ని. ఆకలై కాదు. తలుపు తియ్యగానే లోపల దీపం వెలిగేది, ఎవరో మనిషి ఇంట్లో ఉన్నట్టుండేది. చిక్కటి డబ్బా పాలు చెంచాతో తోడుకుని నిలబడే తినేదాన్ని. పిల్లలు వదిలేసిన జాము రొట్టె, చల్లారిన అన్నం, ఏదుంటే అది. కడుపు బిగిసిపోయేది గానీ ఆ వెలితి తీరేది కాదు. మళ్లీ తినేదాన్ని. జాకెట్లు కుట్లు విప్పుకుని వదులు చేసుకుంటూ వచ్చాను, ఇక విప్పడానికి లోపల గుడ్డ మిగలలేదు.

"వదినా, నువ్వక్కడ నిలబడితే ఏసీ గాలి మా దాకా రావట్లేదు, కాస్త పక్కకి జరగవా" అని స్నేహితుల ముందు నవ్వేవాడు మనోహరం. నేనూ నవ్వి పక్కకి జరిగేదాన్ని. మేరీ ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడు. నిద్ర పట్టట్లేదని, ఉన్నట్టుండి ఏడుపొస్తోందని చెప్పబోయాను. మేరీ మధ్యలో అందుకుని హిందీలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు.

"ఏం చెప్పావే?"

"పనేం ఉందక్కా నీకు, తిని కూర్చుంటే నిద్రెలా పడుతుందని చెప్పాను. తప్పా?"

అది డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి సోఫాలో వాలి "అబ్బా, కాళ్లు పీకేస్తున్నాయి" అనేది. మనోహరం మంచినీళ్లు తెచ్చిచ్చి "పాపం, పొద్దున్నుంచీ నిలబడే ఉంది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు నేనూ వంటగది గుమ్మంలో నిలబడే ఉండేదాన్ని. దాని సన్నటి నడుము, దాని జీతం, పక్కన మొగుడు, ఇవన్నీ చూసి ఎలాగో ఓర్చుకున్నాను. దాని అలసటని మాత్రం ఓర్చుకోలేకపోయాను. నా కాళ్లూ పీకేవి. అది ఎవరితో చెప్పుకోను?

ఒక శుక్రవారం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే పెట్టుకున్నారు. తెలుగు నర్సులూ వాళ్ల కుటుంబాలూ కలిసి ఇరవై మంది దాకా వచ్చారు. అందరికీ పలావు వండి, చెమట తుడుచుకుని వెనకాల చాప మీద కూర్చున్నాను. ప్రార్థన నడిపించే పెద్దాయన ఏసుదానం గారు, ఎప్పటిలాగే, ఎవరి మనవులు వాళ్లు చెప్పమన్నారు.

నర్సుల హాస్టల్ చూసుకునే లీలాకుమారి గారు లేచారు. "మా వంటావిడ దేశం వెళ్లిపోయిందండీ. నర్సు పిల్లలు రొట్టెలు తిని డ్యూటీకి వెళ్తున్నారు. మన వంట తెలిసిన ఆవిడ దొరకాలని ప్రార్థించండి. జీతం ఇస్తాం, గది ఇస్తాం, వీసా కాగితాలు మా ఆఫీసే చూసుకుంటుంది."

ఆవిడ కూర్చోగానే మేరీ లేచింది. "మా అక్క ఒళ్లు తగ్గాలని ప్రార్థన చెయ్యండి. చాటుగా తింటోందండీ. దేవుడు ఆమెకి ఆశానిగ్రహం ఇవ్వాలి."

అందరూ నా వైపు తిరిగి చూసి, జాలిగా కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నేను వండిన పలావు ఘుమాయిస్తున్న గదిలో, నా తిండి గురించి ఏసుదానం గారు గట్టిగా, చాలాసేపు దేవుడితో మాట్లాడారు. మేరీ ముఖం చూశాను. ఎంత ప్రశాంతంగా ఉందో! నా గురించి అంత మాట అనేసి అంత హాయిగా కళ్లు మూసుకోగలిగినందుకు కూడా దాన్ని చూసి అసూయపడ్డాను. ఆ ముఖం అలా ఉండటానికి వెనకాల ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేను. నాకు మాత్రం అలాంటి మనిషి లేదు.

"ఆమేన్" అన్నారు అందరూ. "ఇంకెవరికైనా మనవులున్నాయా?" అని అడిగారు ఏసుదానం గారు.

చాప మీద నుంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మనోహరం నవ్వు ఆపుకుంటున్నాడు.

"అక్కా, కూర్చో, పలావు చల్లారిపోతుంది" అంది మేరీ.

"లీలాకుమారి గారి ప్రార్థన దేవుడు విన్నాడండీ, రేపు పొద్దున్నే హాస్టల్‌కి వస్తాను" అన్నాను. "ఇక మా మేరీ ఇంట్లో పనికి ఒక మంచి మనిషి దొరకాలని అందరూ ప్రార్థించండి."