లేపడానికి అనుమతి

యూఎస్‌బీ లోకంలో ఒక మర్యాద ఉంది. హోస్టు, అంటే నడిపించే కంప్యూటరు, అడగాలి, తగిలించిన వస్తువు జవాబు చెప్పాలి. కీబోర్డు ప్రాణం మీదికి వచ్చినా తనంతట తాను నోరు విప్పదు. ఏదైనా మీట నొక్కారా అని హోస్టే క్షణక్షణం అడుగుతూ ఉండాలి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఇక్కడ మాత్రం అమ్మే వెంటపడి అడగాలి. నెవెన్కాకు ఈ సంగతులన్నీ కొట్టిన పిండి. సెర్బియాలోని నిష్ పట్నంలో బేకరీలకు తూకం యంత్రాలు చేసే చిన్న కంపెనీలో చాలాకాలంగా ఆమె పనే అది, గోరంత చిప్పులకు బుద్ధులు నేర్పడం.

భర్త దోబ్రివోయెకు పక్షవాతం వచ్చాక ఆమె ఇంటినుంచే పని చేస్తోంది. అతను టాక్సీ నడిపేవాడు. ఎక్కిన మనిషి దిగేలోపు వాడి ఇంటిగుట్టంతా రాబట్టి, తన గుట్టు కూడా చెప్పేసేవాడు. అలాంటి వాడి మాటే పోయింది. కుడి పక్క మొత్తం పడిపోయి, ఎడమ చెయ్యి మాత్రం మిగిలింది. దేవుడికి ఎక్కడ కొట్టాలో బాగా తెలుసు.

అతని చక్రాల కుర్చీకి నెవెన్కా ఒక చిన్న కంప్యూటరు బోర్డు బిగించింది. దాన్ని హోస్టుగా మార్చి, తీగ గుచ్చే పోర్టుకు కరెంటు వచ్చేలా చేసి, పెద్దపెద్ద అక్షరాల కీబోర్డు ఒకటి తగిలించింది. ఒంటి వేలితో అతను కొట్టింది చిన్న తెరమీద కనబడుతుంది. మూలనున్న ఎర్ర మీట నొక్కితే ఆమె ఏప్రన్ జేబులో గంట మోగుతుంది. అది పనిచేసిన రోజు అతను ఏం రాస్తాడా అని ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. సూప్‌లో ఉప్పు ఎక్కువైందని రాశాడు. ఆమె తెరను ముద్దు పెట్టుకుంది.

ఒక్కటే ఇబ్బంది. బ్యాటరీ సాయంత్రం దాకా ఆగడం లేదు. అందుకని కాసేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే పోర్టు నిద్రపోయేలా ఆమె మార్చింది. నిద్రపోయిన పోర్టును కీబోర్డు తట్టి లేపగలదు. కానీ అందుకు ముందే అనుమతి ఇచ్చి ఉంచాలి, ప్రోగ్రాములో ఒక్క లైను రాయాలి. నెవెన్కా ఆ లైను మరిచిపోయింది. పరీక్షించలేదని కాదు. నొక్కింది, మోగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ మోగింది. అది నిద్రపోయేదాకా చేతులు కట్టుకుని కూర్చునే ఓపిక ఈ పని చేసే వాళ్ళలో ఎవరికుంటుంది?

సెప్టెంబరు చివర్లో దక్షిణ సెర్బియాలో ఏ వాకిట్లో చూసినా మిరపకాయలు కాల్చే పొగే. కారంలేని ఎర్రటి లావు మిరపకాయలను పొయ్యిమీద కాల్చి, పొట్టు తీసి, ఏడాదికి సరిపడా అయ్వార్ పచ్చడి పెడతారు. ఆ శనివారం పక్కింటి స్తామెనా నెవెన్కాను బలవంతాన బయటికి లాక్కొచ్చింది. రాక రాక వచ్చావు, కొంచెం మనిషిలా కూర్చోవే అంది. దోబ్రివోయె కుర్చీని కిటికీ దగ్గర పెట్టి, పొగ రాకుండా అద్దం మూసి, నెవెన్కా వాకిట్లోకి వచ్చింది.

స్తామెనా తన అత్తగారు కారు నేర్చుకున్న వైనం చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ నేర్చుకున్నదేమో గానీ, ఆ వీధిలో కోళ్ళన్నీ చెట్లెక్కడం నేర్చుకున్నాయట. నెవెన్కా పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు చూసి చెయ్యి ఊపింది. లోపలినుంచి అతనూ ఎడమ చెయ్యి ఎత్తాడు. బాగానే ఉన్నాడనుకుని, ఇంకో గంప మిరపకాయలు ముందుకు లాక్కుంది.

పొద్దు వాలాక లోపలికి వెళ్ళేసరికి అతని ప్యాంటు, కుర్చీ, కింద తివాచీ అన్నీ తడిసి ఉన్నాయి. అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆమె కడిగి, బట్టలు మారుస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. జేబులో గంట సాయంత్రమంతా ఒక్కసారీ మోగలేదు. ఆమె ఎర్ర మీట నొక్కి చూసింది. అప్పుడూ మోగలేదు.

మర్నాడు తప్పు దొరికింది. ఒక్క లైను. రాయడానికి క్షణం పట్టింది, రాశాక చాలాసేపు ఏడ్చింది. తర్వాత వెళ్ళి అతని మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

"నాకు వినబడలేదు దోబ్రీ. నిజంగా వినబడలేదు. అది నిద్రపోతే నువ్వు లేపడానికి వీల్లేకుండా చేశాను. నేనక్కడ పళ్ళికిలిస్తూ కూర్చుంటే నువ్విక్కడ ఎన్నిసార్లు నొక్కావో ఏమో."

అతను ఆమె తల నిమిరాడు గానీ కీబోర్డు ముట్టుకోలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ముట్టుకోలేదు. ఆమె అడిగితే తలూపుతాడు, లేకపోతే లేదు. దాహంతో పెదవులు ఎండిపోయినా ఎర్ర మీట జోలికి పోడు. ఆమె స్నానానికి వెళ్ళినా ఆ గంటను వెంట తీసుకెళ్ళేది. ఒక్కసారి మోగితే చాలు, క్షమించాడనుకుంటుంది. అది మోగలేదు.

తర్వాతి ఆదివారం లెస్కొవాత్స్ నుంచి అతని అక్క రాద్మిలా వచ్చింది. జున్ను పొరల రొట్టె తెచ్చి, తమ్ముడికి తనే తినిపించింది. తమ ఇల్లు మెట్లు లేకుండా నేలమీదే ఉందని, తన భర్త పనిలేక గోళ్ళు గిల్లుకుంటున్నాడని, వీణ్ణి తమ దగ్గర ఉంచుకుంటామని మెల్లగా కదిపింది.

"వద్దు వదినా," అంది నెవెన్కా. "ముందు నామీద కోపం పోనీ. ఎన్నిసార్లు పిలిచినా రాలేదని మనసులో పెట్టుకున్నాడు."

దోబ్రివోయె చెయ్యి కదిలింది. కీబోర్డును దగ్గరికి లాక్కున్నాడు. వేలు ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ పోయింది.

ఒక్కసారే నొక్కాను.

నెవెన్కాకు అర్థం కాలేదు. అతను ఇంకా కొడుతున్నాడు.

అప్పుడు నవ్వుతున్నావు. మళ్ళీ నొక్కలేదు.

నెవెన్కా కుర్చీ చెయ్యి పట్టుకుంది. యంత్రం పోగొట్టింది ఒక్క పిలుపే. మిగతా సాయంత్రమంతా ఆమె నవ్వు చెడగొట్టకూడదని అతను తెలిసే తడిశాడు, తెలిసే చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఆ మీట ముట్టకపోవడం కూడా అందుకే. కోపమైతే బాగుండేది, కాళ్ళు పట్టుకుని పోగొట్టుకునేది. దీనికి ఏ లైను రాయాలి?

అక్కతో వెళ్తాను, అని కొట్టాడు.

రాద్మిలా కళ్ళొత్తుకుని మరదలి వైపు చూసింది. "నువ్వేమంటావమ్మా?"

వద్దనాలి. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, ఆమె పిలవకుండానే, ఇంకేదో వచ్చింది. తెల్లవార్లూ నిద్ర. ఎవరికోసమూ చెవి ఒగ్గి ఉండక్కర్లేని ఒక పూట. వాకిట్లో స్తామెనా పక్కన మరో మధ్యాహ్నం. అదెంతసేపో లేదు, ఒక రెప్పపాటు.

"వద్దు," అంది. "నేను పంపను. నా ఇంట్లోనే ఉంటాడు."

గట్టిగానే అంది, మనసారానే అంది. కానీ మాట పోయినప్పటినుంచీ దోబ్రివోయె మనుషుల మొహాలు చదువుకునే బతుకుతున్నాడు. ఆమె మొహంలో ఆ రెప్పపాటును అతను చూశాడు. చూశాడని ఆమెకూ తెలిసింది. అతను సగం పెదవితో నవ్వి, ఫరవాలేదన్నట్టు ఆమె చేతిమీద తట్టాడు.

ఆమె అతని ఒళ్ళో తల పెట్టి వద్దు వద్దని వెక్కివెక్కి ఏడ్చింది. అతను ఆమె జుట్టు సవరిస్తూ అక్కకేసి చూసి, పెట్టె సర్దమని సైగ చేశాడు.