పచ్చికుండ

దుమ్ముగూడెంలో వారం రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. బట్టీ వెలిగించే వీలే లేకపోయింది. ఇంట్లో మిగిలిన ఒక్క కాలిన కుండను కుమ్మరి సారయ్య మొన్ననే పక్కవాడలో చావుకు ఇచ్చేశాడు. ఇవాళ అతని భార్య ఉప్పలమ్మే పోయింది. ఉన్నవన్నీ కాల్చని పచ్చికుండలే.

"స్టీలు బిందె పట్టుకపోదాం బావా," అన్నాడు బామ్మర్ది చందర్.

సారయ్య కస్సుమన్నాడు. "ఊరందరి చావులకు మట్టి తొక్కిన మనిషిరా మీ అక్క! బిందెతోని పంపుదునా? మూడు సుట్లే గదా, ఆగుతది."

శ్మశానంలో రేకుల కింద చితి పేర్చారు. సారయ్య పచ్చికుండలో నీళ్లు పోసి భుజానికెత్తుకున్నాడు. రెండో చుట్టు తిరగకముందే కుండ మెత్తబడి, బురదై, అతని వీపు మీదుగా జారిపోయింది.

చితి అంటుకున్నాక సారయ్య గొంతుక్కూర్చుని, ఆ బురదనంతా దోసిళ్లతో కూడదీసి ముద్ద చేయసాగాడు.

"గిదేం పని బావా? లే," అన్నాడు చందర్.

"పచ్చి మట్టిరా. పిసికితే మళ్ల కుండైతది."

అంటూనే తలెత్తి మంట వైపు చూశాడు. పిసుకుతున్న చేతులు ఆగిపోయాయి.

"కాలినంక మళ్ల కాదు."