ఎత్తి నెట్టే తలుపు

ఒక చేతిలో పాల ప్యాకెట్టు, చెవి మీద పెన్సిలు ముక్క. వడ్రంగి బొటనవేలు తాళం మీద ఆనించి, పిడి పట్టుకుని తలుపును కాస్త పైకెత్తి, మోకాలితో ఒక్క నెట్టు నెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో అందరూ అలాగే ఎత్తి నెట్టి తెరుస్తారు. కూతురు పెట్టించిన కొత్త వేలిముద్ర తాళం కీచుకీచుమని అరిచింది.

"బలవంతంగా తెరుస్తున్నారు. ఐదు నిమిషాలు ఆగండి" అంది అందులోని ఆడగొంతు.

"నా ఇంట్లోకి నేనొస్తుంటే ఆగమనడానికి నువ్వెవరివే?" అని తిట్టి, మెట్టు మీద కూలబడ్డాడు. అరుపు విని కూతురే లోపలి నుంచి తెరిచింది. ఆస్పత్రిలో నర్సు. అప్పటికే డ్యూటీకి ఆలస్యమైంది.

"మళ్ళీ ఎత్తావా నాన్నా?"

"ఎత్తకపోతే తెరుచుకుంటుందా?"

"నేనూ అదేగా అంటున్నా. తలుపు దిగిపోయింది. రేపు పొద్దున్నే ఇనప తలుపు వాళ్ళు వస్తున్నారు. పాతది వాళ్ళే తీసుకుపోతారు."

"నా తలుపు దిగలేదు. నీ తాళానికే బుర్ర లేదు."

తాళం మెకానిక్కు అప్పటికి మూడుసార్లు వచ్చాడు. తలుపు బార్లా తెరిచి పెట్టుకుని, గడియను లోపలికీ బయటికీ ఆడించి, తాళం భేషుగ్గా ఉంది, తప్పంతా తలుపుదే అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని ముసలాయన అతని మొహం మీదే నవ్వాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మరి ఆయన.

కానీ నిజం ఆయనకు తెలుసు. నాలుగువందల తలుపులు చేసిన చేతులవి. తనకోసం చేసుకున్నది మాత్రం ఇదొక్కటే, అదీ ఇంకొకరి తలుపులు కోయగా మిగిలిన చెక్కలతో. తలుపును చట్రానికి పట్టి ఉంచే పై బందు దగ్గరికి వచ్చేసరికి టేకు చాలక మామిడి చెక్క వేశాడు. ఏడాది తిరక్కుండానే స్క్రూలు వదులయ్యాయి. భార్య ఉన్నన్నాళ్ళూ బాగుచెయ్యమని పోరింది. "చేస్తాలే" అంటూనే, ఎత్తి నెట్టడం ఆమెకూ పిల్లకూ నేర్పాడు. ఆ సిగ్గు ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

కూతురు వెళ్ళగానే సంచీ విప్పాడు. తలుపు కింద ఉలి దూర్చి, మడమతో తొక్కి, లేచినంత మేర చెక్కముక్క పెట్టాడు. పై బందు ఊడదీశాడు. వదులైన కన్నాల్లో జిగురు పూసిన టేకు పుల్లలు కొట్టి, చిత్రిక పట్టినంత నున్నగా కోశాడు. ఎడమ భుజం లాగింది. గుండె పట్టేసినట్టయింది.

"ఐదు నిమిషాలు ఆగు" అన్నాడు దానితో, గదమాయిస్తూ.

జిగురు ఆరాక పొడుగు స్క్రూలు బిగించాడు. తలుపు మూసి, బయట నిలబడి, బొటనవేలు ఆనించాడు. ఎత్తలేదు. చిటికెనవేలితో తోశాడు. తలుపు చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఆస్పత్రిలో కూతురి ఫోనుకు "నాన్న తలుపు తెరిచారు" అని పదకొండుసార్లు కబురొచ్చింది. పదకొండోసారి ఆమెకు నవ్వొచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ ఎత్తి, మోకాలితో నెట్టింది. తలుపు అంత తేలిగ్గా పోతుందని అనుకోలేదు, లోపలికి తూలిపడబోయింది.

"గెలిచావులే నాన్నా!" అంది.

ముసలాయన ఎదురుగా కుర్చీలో, తలుపు వైపే మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. మణికట్టు పట్టుకోగానే ఆమెకు తెలిసిపోయింది. ఆమె నర్సు.

మర్నాడు పొద్దున్నే ఇనప తలుపు వాళ్ళు వచ్చారు. ఏడ్చి వాచిన కళ్ళతోనే ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ ఇనప తలుపు తీసుకెళ్ళిపోండి."

"తలుపు పాతదేనమ్మా..."

"మా నాన్న చేసింది. దీని మీద చెయ్యి కూడా వెయ్యకండి."

వాళ్ళు వెళ్ళాక తలుపు మూస్తుంటే, లోపలి వైపు, తాళానికి పైన చెక్క మీద పెన్సిలు రాత కనిపించింది. వడ్రంగి కొలతలు రాసుకునే లావాటి అక్షరాలు: "ఇక ఎత్తొద్దు." పక్కన కిటికీలో, మిగిలిన టేకు పుల్లల మధ్య, ములుకు అరిగిపోయిన పెన్సిలు ముక్క ఉంది.