తోమని మూల

బోటనీ ల్యాబ్‌లో అటెండరు ఫెర్న్ కొమ్మల్ని పళ్లెంలో సర్దుతున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద తెల్లకోటు, జేబులో పెన్ను. కొత్త విద్యార్థులు లెక్చరరనుకుని నమస్కారం పెడితే, కాదని చెప్పే అలవాటు అతనికి లేదు. నాచు ఇంకా రాలేదు.

నాచు తెచ్చేది కాలేజీ ఊడ్చే మనిషి. మరుగుదొడ్ల వెనక గోడంతా తోమి, ఒక్క మూల మాత్రం వదిలేస్తుంది. ఎండాకాలంలో చెంబుతో నీళ్లు చల్లి మరీ బతికిస్తుంది. ఆ పాచి మూల కోసం సూపర్‌వైజరు చేత ఎన్ని చివాట్లు తిన్నా కారణం చెప్పలేదు. ఆమె అటెండరుకి సొంత అక్క. అమ్మ పోయాక చంకనెత్తుకుని పెంచింది. కాలేజీలో ఆ సంగతి ఎవరికీ తెలియకుండా అతను జాగ్రత్తపడ్డాడు.

ఇవాళ ఆమె పని మానేస్తోంది. సాయంత్రం బస్సుకి కూతురి దగ్గరికి వెళ్లిపోతుంది.

"ఇంద సార్," అంటూ గుమ్మంలోంచి తడిగుడ్డ మూట చాపింది. చుట్టూ పిల్లలున్నారు.

"అక్కడ పెట్టమ్మా," అన్నాడు తలెత్తకుండా.

మేడం పాఠం మొదలుపెట్టింది. "నాచుకీ, అదే మాస్‌కీ, ఫెర్న్‌కీ తేడాలు అందరూ రాస్తారు. పోలికలు చెప్పండి."

"రెండూ పచ్చగా ఉంటాయి మేడం!" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది.

"నవ్వకండి, నిజమే. రెండూ ఎండతో తిండి వండుకునేవే. రెండింటికీ విత్తనాల్లేవు, తడి లేకపోతే సంతానం లేదు. పిండాన్ని తల్లి ఒంట్లోనే పెట్టుకుని సాకుతాయి. ఫెర్న్‌కి నీళ్లు పైకి మోసే నాళాలున్నాయి, నిటారుగా నిలబడింది. నాచుకి లేవు, గోడనంటుకుని ఉంది. అంతమాత్రాన ఒకదానికొకటి పరాయివా?"

అటెండరు సర్దిన ఫెర్న్ కొమ్మల్నే మళ్లీ సర్దాడు. వరండాలో చీపురు చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

సాయంత్రం స్టాఫ్‌రూంలో ఆమెకి టీ ఇచ్చారు. "ఇంత మూట ఎలా మోస్తావు? నీ తాలూకు వాళ్లెవరూ లేరా ఇక్కడ?" అడిగింది మేడం.

అటెండరు కప్పులు ఎత్తే పని కల్పించుకున్నాడు. అక్క అతని వంక చూడనైనా చూడలేదు.

"ఎవరూ లేరమ్మా. నేనే పోతాలే."

మూట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక అతను మరుగుదొడ్ల వెనక్కి పోయాడు. అటూ ఇటూ చూసుకుని, ఎవరూ లేరని తేల్చుకున్నాకే "అక్కా" అన్నాడు. అలా చూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తోమని మూల పక్కన, రేపటి క్లాసు నాచు కోసం నింపిన నీళ్లతో ఆమె చెంబు ఉంది.