సూరమ్మ వంతు

"మా ఆవిడ క్యాజువాలిటీలో సిస్టరు. మనవాళ్ళకి లైనుండదు" అని శివాజీ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ అంతా గొప్పగా చెప్పుకుని తిరిగేవాడు. వర్క్‌షాపులో వేలు నలిగినా, పిల్లకి జ్వరమొచ్చినా, తెలుగువాళ్ళు ఆ మాట పట్టుకుని పూర్ణిమ పనిచేసే ఆసుపత్రికే వచ్చేవాళ్ళు. ఊరుకాని ఆ హిందీ ఊళ్ళో తెలుగు వినపడితే ఆమెకీ ప్రాణం లేచొచ్చేది. నవ్వి పలకరించి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ కుర్చీలోనే కూర్చోబెట్టేది. వాళ్ళు మొహాలు ముడుచుకునేవాళ్ళు. దానికి అక్షింతలు ఇంటికొచ్చాక శివాజీ వేసేవాడు.

ఆ మధ్యాహ్నం అతనే వచ్చాడు, తల్లి సూరమ్మని పట్టుకుని. బాత్‌రూములో జారిపడిందట, కుడి మణికట్టు వాచిపోయింది. పూర్ణిమ అత్తగారి వేళ్ళు కదిపి చూసింది. వెచ్చగానే ఉన్నాయి. విరిగినట్టుంది కానీ ఆగొచ్చు. చేతికి అట్ట కట్టి కూర్చోబెట్టింది.

అంతలో భన్‌పురి నుంచి ఆటోలో ఒక కూలిపిల్లని తెచ్చారు. కడుపు పట్టుకుని, "థోరిక్ పిరావత్ హే, దీదీ" అంది. కొంచెమే నొప్పట. పెదాలు తెల్లబడ్డాయి, ఒళ్ళంతా చల్లటి చెమట, నాడి వేళ్ళకి అందడం లేదు. లోపల రక్తం పోతోంది. అరిచేవాళ్ళకి అరిచేంత ఓపికైనా ఉంటుంది, నోరెత్తని వాళ్ళనే ముందు చూడాలి. ఖాళీగా ఉన్న ఒక్క మంచం ఆ పిల్లకిచ్చి, పూర్ణిమ డాక్టర్ కోసం పరిగెత్తింది.

"మా అమ్మ ముందొచ్చింది! క్యా తమాషా ఇది? సొంత అత్తకి జాగా లేదా?" శివాజీ గొంతు హాలంతా వినపడింది.

ఆ పిల్ల ఆపరేషన్ గదికి చేరకుండానే పోయింది. చేతులు కడుక్కుని వచ్చిన పూర్ణిమతో శివాజీ, "ఎలాగూ చచ్చేదాని కోసం మా అమ్మని కూర్చోబెట్టావు. బయటివాళ్ళకి చేసింది చాలు, రేపే రాజీనామా ఇచ్చిరా" అన్నాడు. పూర్ణిమకి ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ పిల్ల పేరైనా అడగలేదు తను.

మర్నాడు పొద్దున అత్తగారికి స్నానం చేయించి, కట్టున్న చేతికి రవిక తొడగబోతే సూరమ్మ ఎడం చేత్తో ఆపింది. ఇక ఈవిడ వంతు తిట్లు అనుకుంది పూర్ణిమ.

"ఆ పిల్ల కొంచెమే నొప్పన్నాది, నువ్వు నమ్మనేదు కదే. నేనూ అలగే అంటాను. నువ్వు నమ్మకు" అంటూ సూరమ్మ కోడలి చేతిని తన రొమ్ము పక్కన పెట్టుకుంది.

గట్టిగా, కదలకుండా ఉంది గడ్డ. చంకలో ఇంకోటి.

"ఎప్పట్నుంచి అత్తమ్మా?"

"మీ మావయ్య మంచాన పడ్డప్పుడు తెలిసింది. ఆయన పనయ్యాక చెప్దామనుకున్నాను. ఆయన పోయాక నీకు డ్యూటీలు ఎక్కువైపోనాయి. నేనూ మంచమెక్కితే వంటెవులు చేస్తారే?"

పూర్ణిమ ఆవిడ భుజమ్మీద తలపెట్టి ఏడ్చింది. ముక్కూమొహం తెలియని వాళ్ళ పెదాల రంగు కూడా కనిపెట్టే తను, ఒకే వంటింట్లో తిరుగుతూ ఈ మనిషిని ఒక్కరోజూ చూడలేదు. తన ఉద్యోగం ఈవిడ ఒంటి మీదే నడిచింది.

కళ్ళు తుడుచుకుని యూనిఫాం వేసుకుంది. అత్తగారి చెయ్యి పట్టుకుని బయల్దేరుతుంటే శివాజీ లేచాడు. "ఎక్కడికి? రాజీనామా రాశావా? టిఫినేదీ?"

పూర్ణిమ నోరు తెరిచేలోపే సూరమ్మ గుమ్మంలో ఆగింది.

"పొయ్యి మీద పప్పుంది, దింపుకోరా."

కొడుక్కి ఆవిడ పని చెప్పడం అదే మొదలు. ఇంకెన్నో చెప్పే వ్యవధి ఆవిడకి లేదని, గడ్డని తడిమిన పూర్ణిమ వేళ్ళకి అప్పటికే తెలుసు.