పరుగు తీసేసిన క్యాసెట్

క్యాసెట్ల పెట్టె వచ్చేసరికి నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాను. ఆదివారమైనా నేను పనిచేసే లాండ్రీ దుకాణం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. పొద్దుట్నుంచీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఎవరిదో కాలరు మాడ్చబోయి యజమానురాలి చేత తిట్లు తిన్నాను కూడా. ఎందుకు తిరగను? సాయంత్రం మా బ్యాండ్ మొదటి ఆల్బమ్ విడుదల. బ్యాండ్ పేరు నోర్ముయ్. పెట్టింది నేనే. ఇంట్లో అందరూ నన్ను రోజూ అనే మాట అదే కాబట్టి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు.

పాడేదీ, గిటార్ వాయించేదీ మా అన్నయ్య. కార్ల షెడ్డులో రంగులు కొట్టడం తన పని. బేస్ గిటార్ వాయించేది మేం పొడుగు అని పిలిచే మా స్నేహితుడు. అతను కొరియర్ పార్సిళ్ళు చేరవేస్తాడు, ఎక్కడ గుమ్మం కనపడినా అలవాటుగా తల వంచుతాడు. డ్రమ్స్ నావి. పంక్ రాక్ అంటే మరేం లేదు, గిటార్ మీద మూడు పట్లు, బోలెడంత కోపం, పక్కింటివాళ్ళు తలుపు కొట్టేలోపు అయిపోయే పాట.

నన్ను అందరూ హడావిడి అని పిలుస్తారు. కంచం ముందు ఖాళీ అయ్యేది నాదే, మెట్లు రెండేసి దూకుతాను, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే జవాబు చెప్పేస్తాను. డ్రమ్స్ దగ్గరా అంతే. పాట మొదలయ్యే వేగం ఒకటి, ముగిసే వేగం ఇంకొకటి. చివరికొచ్చేసరికి నా కాలు పరుగందుకుంటుంది, పొడుగు నన్ను తిట్టుకుంటూ వెంటపడతాడు. ఎంత నెత్తీనోరూ కొట్టుకున్నా ఆ పరుగు ఆగేది కాదు. కొన్నాళ్ళకి ఆపాలని చూడటం మానేశాను. మా పాటలకొచ్చే ఆ కాస్త మందీ ఆ పరుగు కోసమే వస్తారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దుకాణంలో ఓ పాత టేప్ రికార్డర్ ఉంది. పెట్టె చించి, ఒక క్యాసెట్ తీసి అందులో వేశాను. మొదటి పాటే ఆల్బమ్ పేరు కూడా, 'మీ కాల్ మాకు ముఖ్యం'. ఫోన్‌లో గంటలకొద్దీ నిలబెట్టేవాళ్ళ మీద అన్నయ్య రాసిన పాట. ప్రతి చరణంలోనూ చివరి లైను మరీ పొడుగు, ఊపిరి తీసుకోకుండా ఒక్క విసురులో అరవాలి. ఒక తెల్ల చొక్కా బల్ల మీద పరిచి, పాటతోపాటు ఇస్త్రీపెట్టె నడిపాను. చివరి చరణంలో నా చెయ్యి ఎప్పటిలాగే ముందుకు ఉరికింది. క్యాసెట్‌లో డ్రమ్ములు ఉరకలేదు. నింపాదిగా, బుద్ధిగా, బడికెళ్ళే పిల్లల్లా నడుచుకుంటూ వెళ్ళాయి.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. దెబ్బలు నావే. మా పెద్ద డ్రమ్ము ఒకవైపు కాస్త వదులు, ఆ చప్పుడు నిద్రలో వినిపించినా గుర్తుపడతాను. కానీ ఆ నడక నాది కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది. స్టూడియో ఆయనకి ఫోన్ చేశాను.

"విన్నావా? గీత గీసినట్టు రాలేదూ?" అన్నాడాయన సంబరంగా.

"నా డ్రమ్స్‌ని ఏం చేశారు?"

"కంప్యూటర్‌లో పెట్టి ఒక్కో దెబ్బా సరైన చోటికి జరిపాను. మీ అన్నయ్యే అడిగాడమ్మా. చెల్లి పరుగు తీసెయ్యండి అన్నాడు. తన గొంతు కూడా ఎంత బాగా కుదిరిందో చూడు. ముక్కలు ముక్కలుగా పాడించి అతికేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

ఆ తర్వాత ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. పరాయివాడు వేలెత్తి చూపిస్తే పోట్లాడేదాన్ని. సొంత అన్న, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా, నా తప్పుని చాటుగా తుడిపించాడు. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

పెట్టె భుజాన వేసుకుని కార్ల షెడ్డుకి నడిచాను. కచేరీ అక్కడే. షెడ్డు ఓనరు మంచివాడు, కార్లన్నీ బయట పెట్టించి ఆ సాయంత్రానికి షెడ్డు మాకిచ్చాడు. నేలంతా ఎరుపూ నీలం మరకలు, గాల్లో రంగుల్లో కలిపే థిన్నర్ వాసన. వదిన ఒక బల్ల మీద దుప్పటి పరిచి క్యాసెట్లు అమ్మడానికి చోటు సిద్ధం చేస్తోంది.

"ఆ ముఖమేంటి, ఎవరినైనా కొట్టి వస్తున్నావా?" అంది.

"కొట్టడానికే వచ్చాను. ఎక్కడ నీ మొగుడు?"

"ఏమనకమ్మా ఇవాళ. రాత్రంతా లేచి కూర్చునే ఉన్నారు."

నాకు మాత్రం నిద్ర పట్టిందా, అనుకుని లోపలికి పోయాను. అన్నయ్య వైర్లు చుడుతున్నాడు. నేను నోరు తెరవకముందే నా ముఖం చూసి విషయం గ్రహించాడు.

"అందరూ అలాగే చేస్తారే. రికార్డు అంటే కాస్త శుభ్రంగా ఉండాలిగా."

"మనం శుభ్రంగా ఉండటానికా బ్యాండ్ పెట్టింది?"

తను ఒక చిన్న ఇయర్‌ఫోన్ నా చేతిలో పెట్టాడు. "లాప్‌టాప్ నుంచి కోరస్ గొంతులు వస్తాయి. వాటితో కలవాలంటే చెవిలో తాళం కొట్టే ఈ టిక్కు వింటూ వాయించాలి. ఈ ఒక్కపూటకి గోల చెయ్యకు."

"చెయ్యను. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే అడుగు," అన్నాను. కావలసింది తిన్నగా వాయించడమేగా, కళ్ళు తిరిగేంత తిన్నగా వాయిస్తాను, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను.

చీకటి పడకముందే షెడ్డు నిండింది. పొడుగు పనిచేసే చోటి నుంచి కొరియర్ కుర్రాళ్ళు వచ్చారు, మా యజమానురాలు కూడా వచ్చి చెవుల్లో దూది పెట్టుకుని మూల నిలబడింది. మొదలుపెట్టాం. చెవిలో టిక్కు జోరీగలా కొట్టుకుంటోంది. చిన్న పాటలు రెండు టిక్కు మీదే వాయించాను. పొడుగు నా వైపు చూసి ఇదేంటన్నట్టు కళ్ళెగరేశాడు. ముందు వరసలో ఎగురుదామని వచ్చినవాళ్ళు ఎప్పుడు ఎగరాలో తెలియక తలలూపుతూ ఉండిపోయారు. నాకు కడుపునిండా సంతోషంగా ఉంది.

మూడోది 'మీ కాల్ మాకు ముఖ్యం'. డ్రమ్స్ దగ్గర కూర్చున్నవాళ్ళకి పాడేవాడి ముఖం కనపడదు, వీపే కనపడుతుంది. ఇన్నేళ్ళుగా నేను చూసింది అన్నయ్య వీపే. మొదటి చరణం చివరి పొడుగు లైను వచ్చింది. సగంలో అన్నయ్య భుజాలు రెండూ పైకి లేచాయి. ఆ క్షణాన నా కుడికాలు దానంతటది ముందుకు దూకబోయింది. పంతం కొద్దీ బిగపట్టాను. టిక్కు మీదే ఉన్నాను. లైను చివరి రెండు మాటలు అన్నయ్య నోట్లోంచి రాలేదు. మైకులో గాలి చప్పుడు వినపడింది.

రెండో చరణం. మళ్ళీ భుజాలు లేచాయి. మళ్ళీ నా కాలు దూకబోయింది. అప్పుడు అర్థమైంది నాకు. అది కంగారు కాదు. తొందర కాదు. ఆ భుజాలు లేచినప్పుడల్లా, తన ఊపిరి అయిపోయేలోపు లైను ముగించాలని నా కాలు పరిగెడుతోంది. నా తలకి తెలియదు గానీ కాలికి మొదట్నుంచీ తెలుసు. మరి ఆ ఊపిరి ఎప్పట్నుంచి తగ్గుతోంది? ఎన్నేళ్ళుగా ఆ రంగు పీలుస్తున్నాడు?

అన్నయ్య తల కొంచెం వెనక్కి తిప్పాడు. మెడ మీద నరాలు తేలి ఉన్నాయి. నాకు భయం వేసింది. ఇయర్‌ఫోన్ పీకి నేలకేసి కొట్టి, డ్రమ్స్ మీద పరిగెత్తాను. పొడుగు ఒక్క కేకపెట్టి వెంటపడ్డాడు. జనం ఎగరడం మొదలుపెట్టారు. చివరి లైను మొత్తం, చివరి మాట దాకా, అన్నయ్య గొంతులో పలికింది. పాట అయిపోయి అందరూ ఆగాక, లాప్‌టాప్‌లోంచి కోరస్ గొంతులు తీరిగ్గా వచ్చి "ముఖ్యం! ముఖ్యం!" అని అరిచాయి. షెడ్డంతా ఒకటే నవ్వు.

అన్నయ్య మైకు దగ్గరికి వంగి, "కాసేపు ఆగి మళ్ళీ వస్తాం," అని చెప్పి వెనక వాకిట్లోకి వెళ్ళాడు. వెంట వెళ్ళాను. కుళాయి పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు. మాటలు రావడానికి చాలాసేపు పట్టింది. టిక్కు వదిలేశానని తిడతాడనుకున్నాను.

"ఎందుకే అంత ఆలస్యం చేశావ్?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"తెలియకేం? నువ్వు పరిగెత్తి నన్ను గట్టెక్కిస్తావనే ధైర్యంతోనే ఆ లైన్లన్నీ అంతంత పొడుగు రాశాను."

"మరి క్యాసెట్‌లో ఎందుకు తీయించావ్? నాకు వాయించడం రాదని అందరూ అనుకుంటారని కదూ?"

"నీ గురించి కాదే." తను నేలకేసి చూశాడు. "ఆ పరుగు వింటే జనానికి నీ డ్రమ్స్ వినపడతాయి. నాకు మాత్రం నా ఊపిరి చాలకపోవడమే వినపడుతుంది. ఒక్క క్యాసెట్‌లో అయినా నిండుగా ఊపిరి ఉన్నవాడిలా పాడాలనిపించింది. అంతే."

వచ్చిన కోపమంతా ఎటు పోయిందో. అయినా నా నోరు ఊరుకోదుగా. "ఆ ముక్క నాకు చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నీకు చెప్తే వదినకి చెప్తావ్. వదిన పాట మానెయ్యమంటుంది."

"మానాల్సింది పాట కాదు." వదిన గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. చేతిలో మంచినీళ్ళ సీసా ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రంగుల పని మానండి అంటాను. దగ్గు బయటికి వినపడకుండా దిండులో ముఖం పెట్టుకుంటే నాకు తెలియదనుకున్నారా? రేపు మీరే నాతో డాక్టరు దగ్గరికి వస్తున్నారు." సీసా అన్నయ్య చేతిలో పెట్టి, నా వైపు తిరిగింది. "క్యాసెట్లు బాగా పోతున్నాయి. లోపల వాయించినట్టే ఉంటుందా అని ఒకాయన అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

ఏం చెప్తాం. అందులో పరిగెత్తే నేనూ లేను, ఊపిరి చాలని అన్నయ్యా లేడు. మా మొదటి ఆల్బమ్‌లో మేమిద్దరం లేం. "బాగుంటుందని చెప్పు వదినా," అన్నాను. బాగానే ఉంది మరి. అన్నయ్య గొంతు అందులో ఎంత నిండుగా ఉందో పొద్దున నా కోపంలో నేను సరిగ్గా వినలేదు.

లోపల జనం కాళ్ళతో నేల దద్దరిల్లేలా కొడుతున్నారు. అన్నయ్య లేచి చొక్కా సర్దుకుని గిటార్ తగిలించుకున్నాడు. నేను వెళ్ళి డ్రమ్స్ వెనక కూర్చున్నాను. తన భుజాలు లేచేదాకా ఆగదల్చుకోలేదు. కర్రలు ఎత్తి, తను ఒక్క ఊపిరిలో ఎంతసేపు పాడగలడో మనసులో లెక్కవేసుకుని, ఆ వేగంతోనే మొదలుపెట్టాను. ఇదివరకు ఏ పాటనీ అంత వేగంగా మొదలుపెట్టాల్సిన అవసరం రాలేదు.